తేలికపాటి షటిల్ బ్యాట్ ఎంచుకునేది ఎట్లా: తూకం, బ్యాలెన్స్, గ్రిప్, గట్టింగ్ అన్నీ వరసగా

పొద్దన్నే ఆరుకి కోర్టుకి పోతే వారానికి ఒకరన్నా అడుగుతారు, "అన్నా, చెయ్యి నొప్పి పుడతా ఉంది, తేలిగ్గా ఉండే బ్యాట్ ఒకటి చెప్పు" అని. పేరు ఒకటి చెప్పేసి పంపించేయొచ్చు, కానీ నేను చెప్పిన బ్యాట్ నా చేతికి, నా ఆటకి సరిపోయేది, మీకు సరిపోతుందని ఏం గ్యారంటీ? అందుకే ఈసారి మొత్తం వరసగా రాస్తాండా. ఒక్కో అడుగూ చేసుకుంటా పోతే అంగడి దగ్గరికి వచ్చేసరికి ఏం అడగాలో మీకే తెలిసిపోతుంది.

ముందే ఒక మాట. బ్యాట్ మీద రాసిన గ్రాములు సగం కథే. చేతికి తేలిగ్గా అనిపించేది ఆ గ్రాములు యాడ ఉన్నాయో దాన్నిబట్టి, పైన మీరు ఏం చుట్టారో దాన్నిబట్టి. ఇది మనసులో పెట్టుకుని చదవండి.

1. అంగడికి పోకముందు రాసుకోవాల్సినవి

ఒక కాగితం తీసుకుని వీటికి జవాబులు రాయండి. ఫోన్లో అయినా సరే.

- యాడ ఆడతారు? ఇండోర్ కోర్టా, అపార్ట్‌మెంట్ ముందర సిమెంటు మీదా, మిద్దె పైనా?
- ఏ కాక్‌తో? ప్లాస్టిక్కా, ఫెదరా (ఈకలది)?
- సింగిల్సా, డబుల్సా?
- వారానికి ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని గేములు?
- నొప్పి ఉంటే యాడ? మణికట్టా, మోచెయ్యా, భుజమా?
- ఇప్పుడు ఆడే బ్యాట్‌తో ఇబ్బంది ఏంది? లేటుగా తగులుతోందా, వెనక గీత దాకా పోవడం లేదా, రెండో గేముకే చెయ్యి బరువెక్కుతోందా?

చివరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. శానామందికి బ్యాట్ బరువు అసలు సమస్యే కాదు. గ్రిప్ లావుగా ఉండి గట్టిగా పిసికి పట్టుకుంటారు, లేదంటే గట్టింగ్ (తలలో అల్లే దారాలు, వాటినే గట్ అంటాం) మరీ బిగువుగా వేయించుకుంటారు, మోచెయ్యి లాగేస్తుంది, దాన్ని బరువు అనుకుంటారు. ఆ రెండూ సరిచేసుకుంటే కొత్త బ్యాటే అక్కర్లేదు. నొప్పి ఆట ఆపినాక కూడా రెండు మూడు రోజులు ఉంటే మాత్రం బ్యాట్ సంగతి పక్కన పెట్టి ముందు డాక్టర్‌కి చూపించుకోండి.

2. ఇప్పుడున్న బ్యాట్‌ని కొలవండి

ఈ పని ఎవరూ చేయరు, కానీ కొత్తది ఎంత తేలిగ్గా ఉండాలో తెలియాలంటే పాతది ఎంత ఉందో తెలియాలి కదా. దీనికి కావాల్సింది వంటింట్లో వాడే చిన్న డిజిటల్ కాటా, ఒక పెన్సిలు, టైలర్ టేపు.

ముందు కాటా. బ్యాట్ పొడుగు కాబట్టి కాటా మీద ఒక చిన్న గిన్నె పెట్టి, సున్నా చేసి, గిన్నె అంచు మీద బ్యాట్‌ని ఏ పక్కా నేలకి తగలకుండా నిలపండి. వచ్చిన అంకె రాసుకోండి. గట్టింగ్, గ్రిప్ అన్నీ కలిపిన తూకం ఇది. మీ చేతికి తెలిసే తూకం ఇదే, కంపెనీ రాసింది కాదు.

తరవాత బ్యాలెన్స్. పెన్సిల్ని టేబుల్ మీద అడ్డంగా అంటించి, దాని మీద బ్యాట్ షాఫ్ట్‌ని (పిడికీ తలకీ మధ్య ఉండే సన్నటి కడ్డీ) పెట్టి అటూ ఇటూ జరుపుకుంటా పోండి, ఏ పక్కకీ ఒరగకుండా నిలిచే చోట ఆపండి. ఆ చోటి నుంచి పిడి అడుగు దాకా మిల్లీమీటర్లలో కొలవండి. అంతే, ఇదే బ్యాలెన్స్ పాయింట్.

ఈ రెండు అంకెలూ రాసి పెట్టుకోండి. కింద మళ్ళీ వాడతాం.

3. కోన్ మీద రాసింది చదవడం

పిడి, షాఫ్ట్ కలిసే చోట కోన్ ఉంటుంది కదా, దాని మీద 4యు జీ5 అని చిన్న అక్షరాలు ఉంటాయి. యోనెక్స్ కంపెనీ పద్ధతి ఇది, శానా కంపెనీలు దీన్నే పాటిస్తాయి:

- 3యు అంటే 85 నుంచి 89.9 గ్రాములు
- 4యు అంటే 80 నుంచి 84.9
- 5యు అంటే 75 నుంచి 79.9
- ఎఫ్ అంటే 70 నుంచి 74.9

యు ముందర అంకె పెరిగేకొద్దీ తూకం తగ్గుతుంది, ఈడే కొత్తవాళ్ళు తిరకాసు పడతారు. లీ-నింగ్ లాంటివాళ్ళు కొన్నిటికి గ్రాములే పేరులో పెడతారు, విండ్‌స్టార్మ్ 72 అంటే 72 గ్రాములన్నమాట.

ఇది గట్టింగ్ వేయకముందు, పైన అదనంగా ఏమీ చుట్టకముందు తూకం. గట్ ఒక 5 గ్రాములు, పైన చుట్టే ఓవర్‌గ్రిప్ ఇంకో 5 గ్రాములు వేసుకోండి. 80 గ్రాముల బ్యాట్ మీ చేతికొచ్చేసరికి 90 అవుతుంది. రెండు గ్రిప్పులు చుడితే 95. అంటే 3యు వద్దని 5యు కొని, దాని మీద లావుపాటి గ్రిప్పులు చుట్టేసుకుంటే కాటా మీద తేడా ఏమీ మిగలదు.

జీ4, జీ5 అనేది పిడి చుట్టుకొలత. యోనెక్స్‌లో అంకె పెరిగేకొద్దీ పిడి సన్నం. వేరే కంపెనీల గుర్తులు వేరేగా ఉండొచ్చు, పట్టుకుని చూడటమే మేలు.

4. ఎంత తేలిక చాలు?

నా లెక్క ఇది. నచ్చకపోతే మార్చుకోండి, కానీ మొదలు ఈడ నుంచి పెట్టండి.

ఎవరైనా, ఏ ఆటైనా, తెలీనప్పుడు 4యు. డబుల్స్ ఆడేవాళ్ళకి, వారానికి మూడు నాలుగు రోజులు ఆడే పెద్దవాళ్ళకి 4యు శానా వరకు సరిపోతుంది.

భుజం, మణికట్టు అలిసిపోయేవాళ్ళకి, నెట్ దగ్గర డ్రైవ్ ఆట (నెట్ మీదుగా అడ్డంగా వేగంగా కొట్టేది) జాస్తి ఆడేవాళ్ళకి, పన్నెండు పదమూడేళ్ళ పిల్లలకి 5యు. ఇంకా చిన్నపిల్లలకైతే పొట్టి జూనియర్ బ్యాట్లు వేరే ఉంటాయి, పెద్ద బ్యాట్‌లో తేలికది వెతకొద్దు.

75 గ్రాముల కన్నా తక్కువది మొదటి బ్యాట్‌గా వద్దు. రెండో బ్యాట్‌గా సరే. ఎందుకంటే తేలిక అనేది ఊరికే రాదు. మన కాక్ 5 గ్రాములే ఉంటుంది, దాన్ని వెనక గీత దాకా పంపాలంటే బ్యాట్‌లో బరువన్నా ఉండాలి, ఊపులో వేగమన్నా ఉండాలి. తేలికది తీసుకుంటే ఊపు వేగం పెరగాలి. పెరగకపోతే క్లియర్ (వెనక గీత దాకా ఎత్తుగా పంపే దెబ్బ) అర కోర్టులోనే పడిపోతుంది, ఎదుటివాడు దాన్ని హాయిగా స్మాష్ కొడతాడు. ఇంకోటి, గట్టి స్మాష్‌ని బ్లాక్ చేసేటప్పుడు మరీ తేలిక బ్యాట్ చేతిలో రవంత తిరిగిపోతుంది, కాక్ అనుకున్న చోట పడదు.

మా బ్యాచ్‌లో ఒక అక్క ఉంది, ఆమె భుజం నొప్పికని నేరుగా 72 గ్రాములది తెప్పించుకుంది. మూడు వారాలకి భుజం నొప్పి పెరిగింది! తేలిగ్గా ఉందని ప్రతి క్లియర్‌కీ బలమంతా పెట్టి ఊపుతా ఉంది మరి. తరవాత 4యులో తల తేలికది (తల పక్క బరువు తక్కువుండేది) పట్టించాం, నొప్పి తగ్గింది, క్లియర్ కూడా వెనక్కి పోతా ఉంది. పది గ్రాములు పెరిగితే నొప్పి తగ్గడమేందని ఆమెకి ఇప్పటికీ ఆశ్చర్యమే. దానికి జవాబు కింద ఉంది.

5. బ్యాలెన్స్: అసలు బరువు తెలిసేది ఈడ

రోకలిని మధ్యలో పట్టుకుని ఊపి చూడండి, తరవాత ఒక చివర పట్టుకుని ఊపండి. రోకలి అదే, తూకం అదే, చేతికి మాత్రం వేరే. బ్యాట్ కూడా అంతే. చేతికి దూరంగా ఉన్న గ్రాము ఊపేటప్పుడు శానా బరువు. దూరం రెండింతలైతే ఊపడానికి ఆ గ్రాము నాలుగింతలు భారం అవుతుంది. తల చివర ఒక్క గ్రాము పెరిగితే చెయ్యి వెంటనే కనిపెడుతుంది, పిడి దగ్గర ఐదు గ్రాములు పెరిగినా ఊపుకి పెద్ద తేడా తెలియదు.

గట్ లేని బ్యాట్‌కి సుమారుగా ఇట్లా అనుకోండి:

- 285 మిల్లీమీటర్ల కన్నా తక్కువ: తల తేలిక
- 285 నుంచి 295: సమానం
- 295 దాటితే: తల బరువు

గీత గీసినట్టు కాదు, ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా చెప్తుంది, కానీ అంగడిలో మాట్లాడుకోవడానికి ఇది చాలు.

ఇప్పుడు గట్టింగ్, గ్రిప్ వేసినాక ఏమవుతుందో చూద్దాం. 80 గ్రాముల బ్యాట్, బ్యాలెన్స్ 295 అనుకుందాం. గట్ 5 గ్రాములు, అది ఉండేది తల మధ్యలో, పిడి అడుగు నుంచి సుమారు 540 దగ్గర. బ్యాలెన్స్ 309కి పోతుంది. ఒక ఓవర్‌గ్రిప్ చుడితే 297కి దిగుతుంది. ఇంకోటి చుడితే 286. అంటే గట్ వేసినాక తల బరువెక్కిన బ్యాట్ రెండు గ్రిప్పులతో మళ్ళీ సమానం దగ్గరికి వచ్చేసింది. దీనికి రెండు పక్కలా ఉపయోగం ఉంది. తల బరువు ఎక్కువ అనిపిస్తే కొత్త బ్యాట్ కొనకుండా ఇంకో గ్రిప్ చుట్టి చూడండి, అరవై డెబ్బై రూపాయల పని. తల మరీ తేలికై స్మాష్‌లో పస లేదనిపిస్తే ఒక గ్రిప్ తీసేయండి.

ఇంకో జాగ్రత్త. ఫ్రేము గీసుకుపోకుండా తల చుట్టూ టేపు వేయించుకుంటారు. ఆ టేపు 2 గ్రాములే, కానీ తల కొసన ఉంటుంది, బ్యాలెన్స్ 8 మిల్లీమీటర్లు పైకి పోతుంది. తేలిక కోసం డబ్బు పెట్టి కొని దాన్ని టేపుతో పోగొట్టుకోవద్దు. కావాలంటే నేలకి తగిలే పైభాగంలో నాలుగైదు అంగుళాలు మాత్రం వేసుకోండి.

పైన అక్క సంగతి ఇదే. ఆమె 72 గ్రాముల బ్యాట్‌కి బ్యాలెన్స్ కొలిస్తే 310 పైనే వచ్చింది. మరీ తేలిక బ్యాట్లలో కొన్నిటికి కాక్‌కి పస తగ్గకుండా ఉన్న బరువంతా తలలో పెడతారు. మొత్తం తూకం చూసి మోసపోయేది ఈడే.

కంపెనీ సిరీస్ పేర్లు తెలిస్తే అంగడిలో పని బిన్నా అయిపోతుంది. యోనెక్స్‌లో నానోఫ్లేర్ తల తేలిక, ఆర్క్‌సేబర్ సమానం, ఆస్ట్రాక్స్ తల బరువు. లీ-నింగ్‌లో బ్లేడెక్స్ వేగానికి, హాల్బర్‌టెక్ మధ్యస్తం, యాక్స్‌ఫోర్స్ పవర్‌కి. విక్టర్‌లో ఆరాస్పీడ్ వేగం, డ్రైవెక్స్ అన్నిటికీ, త్రస్టర్ పవర్. ఒకే సిరీస్‌లో చవకవి, ఖరీదువి రెండూ ఉంటాయి.

6. షాఫ్ట్ బిగువు

దీని మీద ఎక్కువ సేపు వద్దు. ఊపు నిదానంగా ఉండేవాళ్ళకి వంగే షాఫ్ట్, వేగంగా విదిలించేవాళ్ళకి గట్టి షాఫ్ట్. ఆట మొదలుపెట్టి రెండేళ్ళు కాలేదంటే ఫ్లెక్సిబుల్ లేదా మీడియం తీసుకోండి, స్టిఫ్ వద్దు. తేలిక బ్యాట్, స్టిఫ్ షాఫ్ట్, బిగువు గట్టింగ్, ఈ మూడూ కలిస్తే కొత్తవాళ్ళ మోచేతికి శాపం.

మెటీరియల్ మాత్రం చూసుకోండి. తేలిక కావాలంటే తల, షాఫ్ట్ రెండూ గ్రాఫైట్ ఉండాలి. స్టీలు షాఫ్ట్, అల్యూమినియం తల కలిపి, మధ్యలో జాయింట్ బయటికి కనపడతా జతగా అమ్మేవి పిల్లలు వీధిలో ఆడుకోవడానికి సరే, ఈ లెక్కలన్నీ వాటికి పనికిరావు.

7. పిడి మందం, చెమట

బ్యాట్‌ని ఆట పట్టు పట్టుకోండి. మీ ఉంగరం వేలి కొసకీ బొటనవేలి కింద ఉబ్బుకీ మధ్య ఇంకో చేతి చిటికెన వేలు దూరేంత సందు ఉండాలి. సందు లేకుండా వేళ్ళు తగిలేస్తే పిడి సన్నం, గ్రిప్ చుట్టుకోండి. సందు మరీ ఎక్కువుంటే లావు, అది తగ్గించడం కష్టం. కాబట్టి అనుమానం ఉంటే సన్నంది కొని చుట్టుకోవడం మేలు.

మన తిరుపతి ఎండల్లో, అందులో తలుపులు మూసిన ఇండోర్ కోర్టులో, ఏప్రిల్ మే నెలల్లో చెమట సంగతి చెప్పనక్కర్లేదు. గ్రిప్ జారితే చెయ్యి తనకి తెలియకుండానే గట్టిగా పట్టేస్తుంది, గట్టిగా పడితే మణికట్టు తిరగదు, ముంజేయి బిగుసుకుపోతుంది. బ్యాట్ బరువెక్కింది అనిపించేది అప్పుడే. చెమట జాస్తి పట్టేవాళ్ళు టవల్ గ్రిప్ వేసుకోవచ్చు, కానీ అది చెమట తాగి బరువెక్కుతుంది, రెండు మూడు వారాలకి మార్చాలి. నాకైతే పలచని ఓవర్‌గ్రిప్పే ఇష్టం, ఎండలకాలంలో పది రోజులకొకటి మారుస్తా.

ఫ్యాక్టరీ గ్రిప్ మీదే ఓవర్‌గ్రిప్ చుట్టే అలవాటు మనందరిదీ. పిడి లావు తగ్గాలంటే కింది గ్రిప్ మొత్తం తీసేసి, కట్టె మీద పలచని స్పాంజి చుట్టు, దాని మీద ఓవర్‌గ్రిప్. తూకం తగ్గుతుంది, కానీ ఐదో అడుగులో చెప్పినట్టు బ్యాలెన్స్ తల వైపుకి జరుగుతుంది, అది ఊహించుకునే చేయండి.

8. అంగడిలో చేయాల్సిన వరస

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ స్పోర్ట్స్ అంగళ్ళలో ఉండేవి కొన్ని మోడళ్ళే. చేతిలో పట్టుకుని పోల్చుకోవాలనుకుంటే పొద్దన్నే గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై సెంట్రల్‌లో దిగితే పక్కనే పెరియమేడు, స్పోర్ట్స్ అంగళ్ళు వరసగా ఉంటాయి. ఆన్‌లైన్లో కొనేవాళ్ళు ముందు కోర్టులో ఎవరి దగ్గరైనా అదే మోడల్ అడిగి పది నిమిషాలు ఆడి చూడండి, ఎవరూ కాదనరు.

అంగడిలో ఇట్లా:

1. కవరు తీసి కోన్ మీద తూకం, పిడి సైజు చదవండి. ఒకే మోడల్ 3యులోనూ 4యులోనూ వస్తుంది, డబ్బా మీద ఒకటి లోపల ఒకటి ఉంటుంది ఒక్కోసారి.
2. ఒకే మోడల్‌వి రెండు మూడు తీయించుకుని వేలి మీద బ్యాలెన్స్ పెట్టి పోల్చండి. 4యు అంటే 80 కావచ్చు, 84 కావచ్చు. కాటా ఉంటే అడగండి.
3. ఫ్రేముని కంటి ఎత్తులో పెట్టి షాఫ్ట్ వెంబడి చూడండి. తల ఒక పక్కకి తిరిగి ఉంటే వద్దు.
4. గ్రామెట్లు (గట్ దూరే రంధ్రాల్లో ఉండే చిన్న ప్లాస్టిక్ గొట్టాలు) అన్నీ ఉన్నాయా, పగుళ్ళు ఉన్నాయా, గోటితో తడిమి చూడండి. తల మీద వేలితో తట్టితే లోపల గలగల శబ్దం వస్తే అడగండి, ఒక్కోసారి లోపలి జిగురు ముక్క ఊడి ఉంటుంది, ఆడటానికి ఇబ్బంది లేదు గానీ వేరేది ఇమ్మనండి.
5. ఖాళీ జాగా చూసుకుని ఎనిమిది అంకె వేసినట్టు ఇరవై సార్లు ఊపండి. మొదటి ఐదూ అన్ని బ్యాట్లూ తేలిగ్గానే అనిపిస్తాయి, పదిహేను దాటాక ముంజేయి ఏం చెప్తుందో అదీ నిజం.
6. ఎద ముందర డిఫెన్స్ పట్టు పట్టి, ఎడమ కుడి పక్కలకి బిన్నా తిప్పండి. తల వెనకబడితే మీకు తల బరువు జాస్తి.
7. నకిలీవి ఉన్నాయి, జాగ్రత్త. షాఫ్ట్ మీద, కోన్ మీద సీరియల్ నంబర్ ఉందా, యోనెక్స్ అయితే మన దేశంలో అమ్మే సన్‌రైజ్ వాళ్ళ హోలోగ్రామ్ ఉందా చూసుకుని, బిల్లు తప్పకుండా తీసుకోండి. ఐదు వేల బ్యాట్‌ని పదిహేను వందలకి ఇస్తానంటే అది ఆ బ్యాట్ కాదు.

ఖరీదు గురించి ఎక్కువ చెప్పను. తల నుంచి షాఫ్ట్ దాకా గ్రాఫైట్ ఉన్న మంచి 4యు, 5యు బ్యాట్లు రెండు మూడు వేలల్లో దొరుకుతాయి. డబుల్స్‌లో బ్యాట్లు ఒకదానికొకటి తగిలి విరగడం మామూలే, ఒకటి పది వేలది కొనే కన్నా రెండు మూడు వేలవి ఒకే రకం రెండు ఉంచుకోవడం నా మట్టుకి తెలివైన పని.

9. గట్టింగ్

మంచి బ్యాట్ కొని పాడు చేసుకునేది ఈడే, కాబట్టి నిదానంగా చదవండి.

కొత్త బ్యాట్‌తో వచ్చే ఫ్యాక్టరీ గట్టింగ్ తరచూ వదులుగా ఉంటుంది, దాంతో రెండు రోజులు ఆడి చూసి మార్పించుకోండి. షాఫ్ట్ మీద గానీ కోన్ మీద గానీ ఎన్ని పౌండ్ల (గట్ బిగువు కొలత) దాకా వేయొచ్చో రాసుంటుంది. అది ఫ్రేము తట్టుకునే హద్దు, మీరు వేయించుకోవాల్సింది కాదు. శానామంది ఈ రెంటినీ కలిపేస్తారు.

- కొత్తవాళ్ళు: 20 నుంచి 22 పౌండ్లు
- వారానికి మూడు నాలుగు రోజులు ఆడేవాళ్ళు: 23, 24
- క్లియర్ రెండు పక్కలా వెనక గీతకి సులభంగా పోయేవాళ్ళు: 25, 26

అంతకన్నా పైకి పోవాలంటే మీకే తెలుస్తుంది ఎందుకో. బిగువు పెరిగేకొద్దీ గట్ మీద కాక్ సరిగ్గా తగిలే చోటు చిన్నదవుతుంది, కాక్‌ని తోసే పని గట్ కాకుండా మీ చెయ్యి చేయాలి. తేలిక బ్యాట్‌కి అసలే బరువు తక్కువ, దాని మీద 28 పౌండ్లు వేసి క్లియర్ పోవట్లేదంటే ఎట్లా పోతుంది?

నాకు జరిగింది చెప్తా. ఒకసారి 5యు బ్యాట్‌కి 24 అడిగితే అంగడతను "సార్, 28 వేస్తే సౌండ్ బాగుంటుంది" అని వేసేశాడు, మిషన్ కూడా రెండు చోట్ల మాత్రమే ఫ్రేముని పట్టేది. ఇంటికి తెచ్చి టేపుతో కొలిస్తే తల పొడవు తగ్గి వెడల్పు పెరిగింది, గుడ్డు ఆకారం కాస్తా గుండ్రం అయింది. రెండు వారాలకి తొమ్మిది గంటల దిక్కున పగిలింది. ఆ రోజు నుంచి గట్టింగ్ వేసేముందు తల పొడవు, వెడల్పు కొలిచి రాసుకుంటా, వేసినాక మళ్ళీ కొలుస్తా. రెండు మూడు మిల్లీమీటర్లకి మించి మారితే ఆ మనిషి దగ్గరికి మళ్ళీ పోను.

అంగడతన్ని అడగాల్సినవి:

- మిషన్ ఫ్రేముని ఎన్ని చోట్ల పట్టుకుంటుంది? ఆరు చోట్ల అయితే మంచిది.
- అడ్డం గట్లు నిలువు వాటికన్నా ఒకటి రెండు పౌండ్లు ఎక్కువ వేస్తారా? వేయమనండి, తల ఆకారం నిలుస్తుంది.
- అరిగిపోయిన గ్రామెట్లు మారుస్తారా?

గట్ రకాల్లో యోనెక్స్ బీజీ65 మందం 0.70 మిల్లీమీటర్లు, ఎక్కువ రోజులు వస్తుంది, కొత్తవాళ్ళకి అదే చెప్తా. బీజీ66 అల్టిమ్యాక్స్ 0.65, కాక్ బాగా ఎగురుతుంది, శబ్దం బాగుంటుంది, తెగడమూ బిన్నా తెగుతుంది. మధ్యలో కావాలంటే బీజీ80, 0.68.

10. కాక్ కూడా చూసుకోండి

ఇది బ్యాట్ సంగతి కాదనుకోవద్దు. ప్లాస్టిక్ కాక్ డబ్బా మీద ఆకుపచ్చ, నీలం, ఎరుపు గుర్తులుంటాయి. యోనెక్స్ లెక్కలో ఆకుపచ్చ నిదానం, 22 నుంచి 33 డిగ్రీల వేడికి. నీలం 12 నుంచి 23కి, ఎరుపు ఇంకా చలికి. వేడి గాలి పలచగా ఉంటుంది, కాక్‌ని ఆపదు, అందుకే ఎండ ప్రాంతాలకి నిదానం కాక్. మన పక్క ఏడాదిలో శానా నెలలు ఆకుపచ్చే. ఫెదర్‌లో 76, 77, 78 అని ఉంటాయి, అంకె తగ్గేకొద్దీ నిదానం.

అంటే బ్యాట్ పరీక్ష చేసేటప్పుడు ఎప్పుడూ వాడే కాక్‌తోనే చేయండి. ఎర్ర గుర్తు కాక్‌తో కొట్టి, అబ్బా ఈ తేలిక బ్యాట్‌తో ఎంత దూరం పోతా ఉంది అనుకుంటే మోసపోయినట్టే. ఈకలు విరిగిన కాక్‌తో కూడా వద్దు.

11. మొదటి రెండు వారాల పరీక్ష

మొదటి మూడు రోజులు గేములు ఆడొద్దు, ఆడినా గెలుపు ఓటములు లెక్క పెట్టొద్దు. తేలిక బ్యాట్ ముందుగా వచ్చేస్తుంది, పాత టైమింగ్‌లో కొడితే కాక్ ఫ్రేముకి తగులుతుంది. అది బ్యాట్ తప్పు కాదు, నాలుగైదు సెషన్లలో సర్దుకుంటుంది.

తరవాత ఈ మూడూ చేయండి, అంకెలు రాసుకోండి.

క్లియర్: వెనక గీత దగ్గర నిలబడి అవతలి వెనక గీతకి పది క్లియర్లు. డబుల్స్ సర్వీసు గీతకీ చివరి గీతకీ మధ్య 76 సెంటీమీటర్ల సందు ఉంటుంది కదా, పదిలో ఆరు ఆ సందులో గానీ దాని ముందర ఒక అడుగులో గానీ పడితే బ్యాట్ సరిపోయింది.

డ్రైవ్: గోడకి రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడి ముప్పై సెకన్లు ఆపకుండా కొట్టండి. పాత బ్యాట్‌తో ఎన్ని, కొత్తదాంతో ఎన్ని? తేలిక బ్యాట్ కొన్నందుకు ఈడ అంకె పెరగాలి. పెరగకపోతే తల బరువు చూసుకోండి.

బ్లాక్: పార్ట్‌నర్‌ని పది స్మాష్‌లు కొట్టమని నెట్ దగ్గర పడేటట్టు బ్లాక్ చేయండి. బ్యాట్ చేతిలో తిరుగుతోందంటే గ్రిప్ సన్నం అయినా అయుండాలి, బ్యాట్ మరీ తేలికైనా అయుండాలి. ముందు గ్రిప్ మార్చి చూడండి.

ఫలితం బట్టి సర్దుకోవడం, ఒకసారికి ఒకటే మార్చండి:

- క్లియర్ పోవడం లేదు: గట్టింగ్ రెండు పౌండ్లు తగ్గించండి. అప్పటికీ పోకపోతే ఒక ఓవర్‌గ్రిప్ తీసేయండి. ఆ తరవాతే బ్యాట్ మార్చే ఆలోచన.
- క్లియర్ బయటికి పోతోంది: ఒక పౌండు పెంచండి, అంతకన్నా ముందు కాక్ రంగు చూడండి.
- డిఫెన్స్‌లో లేటు: ఇంకో గ్రిప్ చుట్టండి, తల టేపు ఉంటే పీకేయండి.
- మోచెయ్యి లాగుతోంది: గట్టింగ్ తగ్గించండి, గ్రిప్ మందం మళ్ళీ కొలవండి, కొన్నాళ్ళు ఫెదర్‌తో ఆడండి. ప్లాస్టిక్ కాక్ దెబ్బ చేతికి జాస్తి తెలుస్తుంది.
- స్మాష్‌లో పస లేదు: రెండు వారాలు ఆగండి. ఎక్కువమందికి టైమింగ్ కుదిరాక వచ్చేస్తుంది.

12. ఎండ, ప్రయాణం, తెగిన గట్

బ్యాట్‌ని పొద్దన బండి డిక్కీలో, కారు వెనక అద్దం కింద పెట్టి ఆఫీసుకి పోయేవాళ్ళు మన ఊర్లో శానామంది. మే నెల మధ్యాహ్నం మూసిన కారు లోపల ఎంత వేడి ఉంటుందో తెలిసిందే. ఆ వేడికి గట్ వదులైపోతుంది, గ్రిప్ జిగట కారుతుంది, ఫ్రేముకీ మంచిది కాదు. ఇంట్లో గోడకి తగిలించండి, బరువైన సామాన్ల కింద పెట్టొద్దు.

ఆట అయినాక తడి గ్రిప్‌తో బ్యాగులో కుక్కేయకుండా ఒక అరగంట ఫ్యాను కింద పెట్టండి, లోపలి కట్టె పుచ్చకుండా ఉంటుంది.

ఆట మధ్యలో ఒక గట్ తెగితే ఆ గేము అయిపోయేదాకా ఆడొద్దు, అట్లాగే ఇంటికీ తీసుకుపోవద్దు. ఒక పక్క లాగుడు పోయి ఇంకో పక్క అట్లాగే ఉంటే తల వంకరపోతుంది, తేలిక ఫ్రేములకి ఇది ఇంకా ప్రమాదం. బ్యాగులో ఒక చిన్న కత్తెర ఉంచుకోండి. తెగిన వెంటనే తల మధ్యలో మొదలుపెట్టి, ఒక నిలువు ఒక అడ్డం, ఒక నిలువు ఒక అడ్డం, ఇట్లా నాలుగు పక్కలకీ సమానంగా బయటికి కత్తిరించుకుంటా పోండి. తెగకపోయినా వారానికి మూడు రోజులు ఆడేవాళ్ళు మూడు నాలుగు నెలలకి గట్ మార్పించండి, అప్పటికి 24 వేయించుకున్నది 24గా ఉండదు.